ఎవరూ వినని లైను

"ఇక మీదట ఈ రాజ్యంలో ఎవరి మాటా ఎవరూ వినలేరు!"

టెలిఫోన్ల మంత్రిగారు ఈ మాట ప్రకటించగానే సమావేశ మందిరం చప్పట్లతో మారుమోగిపోయింది. వెనక వరసలో కూర్చున్న విలేకరి ఒకాయన "ఇప్పుడు మాత్రం ఎవరు వింటున్నారు గనక" అన్నాడు గానీ, ఆ చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు. కాబట్టి పథకం ఆ క్షణం నుంచే పనిచెయ్యడం మొదలుపెట్టిందని నా అభిప్రాయం.

నేను మంత్రిగారి పేషీలో పత్రికా ప్రకటనలు రాస్తాను. సభలో ఆయన కునుకు తీస్తే "మంత్రిగారు దీర్ఘాలోచనలో మునిగారు" అని రాసింది నేనే. సభకు ఆలస్యంగా వస్తే "మంత్రిగారి కోసం ప్రజలు గంటల తరబడి ఆత్రంగా ఎదురుచూశారు" అని రాసిందీ నేనే. ఆయన గొప్పతనం గురించి నాకు తెలిసినంత ఆయనక్కూడా తెలియదు.

పథకం పేరు 'క్వాంటం కవచం'. మంత్రిగారు చేతిలో చీటీ చూస్తూ దాన్ని చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా వివరించారు.

"వెలుతురంటే చిన్న చిన్న రేణువులు. ఒక్కో రేణువు మీద మాటకి వేసే తాళం తాలూకు ఒక్కో ముక్క ఎక్కించి తీగలో పంపిస్తాం. దారిలో ఎవడైనా తొంగిచూశాడా, అత్తిపత్తి ఆకు ముట్టుకున్నట్టే! రేణువు మారిపోతుంది, అవతల మనకి తెలిసిపోతుంది. ఆ తాళం అవతల పారేసి కొత్తది చేస్తాం. గోడలకు చెవులుంటాయంటారు. ఆ చెవులు ఇవాళ్టితో కోసేశాను!"

"మరి దీనివల్ల సెల్‌ఫోన్లు నెమ్మదించవా?" అని అడిగాడు ఆ వెనక వరసాయన.

"వెంట్రుకవాసి కూడా నెమ్మదించవు."

"ఎందుకని?"

మంత్రిగారు చీటీ తిరగేశారు. వెనక ఖాళీగా ఉంది. "ఎందుకంటే నేను హామీ ఇస్తున్నాను" అన్నారు. నాకైతే ఆ జవాబు చాలు. కానీ పక్కన నిలబడ్డ లైను ఇంజనీరు అడక్కుండానే నోరు విప్పింది.

"ఫోన్లో మాట ఎప్పుడూ పోయే దారినే పోతుందండీ. తాళాలు వేరే తీగలో ముందే వచ్చి నిలవ ఉంటాయి. మాట వచ్చినప్పుడు ఉన్న తాళం తీసి వెయ్యడమే. తాళం కోసం మాట ఆగదు."

"అదే నేను చెప్పింది" అన్నారు మంత్రిగారు.

ఆ ఇంజనీరు మా మేనకోడలు, సొంత అక్కయ్య కూతురు. బావగారు పోయాక ఆ ఇల్లు ఈ పిల్ల జీతం మీదే నడుస్తోంది. ఆ జీతం కూడా టెంపరరీది. కవచం ప్రారంభమైన రోజున ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ప్రారంభం కావాలంటే "ఈ లైనును మధ్యలో ఎవరూ వినడం లేదు" అని లైను ఇంజనీరు ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. ఇంత తేలిక ఉద్యోగం లోకంలో ఇంకోటి లేదని అప్పట్లో అనుకున్నాను.

ట్రయల్ మా ఆఫీసు సెల్లార్లోనే జరిగింది. ఇక్కడ ఒక యంత్రం, ఊరి చివర టవరు దగ్గర దాని జోడీ యంత్రం, రెంటికీ మధ్య అద్దపు తీగ. యంత్రాలు రెండూ మంత్రిగారి బావమరిది సప్లయి చేశాడు. చుట్టరికం వల్ల కాదు. టెండరు వేసింది ఆయనొక్కడే కావడం వల్ల.

మంత్రిగారు ట్రయల్ ఫోను తీసి ఇంటికి కలిపారు. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది. మంత్రిగారు దీపాన్ని చూశారు, మా శాఖ కార్యదర్శిగారిని చూశారు. కార్యదర్శిగారు మా మేనకోడల్ని చూశారు. ఆఫీసులో కోపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది.

"వెంట్రుకవాసి కూడా నెమ్మదించదన్నావు?" అన్నారు కార్యదర్శిగారు.

"నెమ్మదించలేదండీ. అసలు బయల్దేరలేదు. తాళం లేకుండా మాటని పంపొద్దని దానికి మనమే చెప్పాం."

"తాళం ఏమైంది?"

"వచ్చిన ప్రతి తాళాన్నీ యంత్రం పారేస్తోందండీ. ముక్కల్లో నాలుగింట ఒకటి తప్పు వస్తోంది. మామూలుగా నూటికి ఒకటో రెండో వస్తాయి, ఫర్వాలేదు. ఇన్ని వచ్చాయంటే మధ్యలో ఎవరో ప్రతి ముక్కా పట్టుకుని చూసి, మళ్ళీ పంపిస్తున్నారు."

"అంటే యంత్రం పాడైందంటావు" అన్నారు కార్యదర్శిగారు.

"లేదండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"పనిచేస్తే ఎర్రదీపం ఎందుకు?"

"పనిచేస్తోంది కనకే."

ఈ కాలం పిల్లలకు చదువు చెబుతున్నారు గానీ పెద్దల ముందు ఎలా మాట్లాడాలో చెప్పడం లేదు. ఆ సాయంత్రం నేను రాసిన ప్రకటన మాత్రం బాగా వచ్చింది. "ప్రయోగం దిగ్విజయం. అరుణకాంతులతో మంత్రిగారికి స్వాగతం పలికిన యంత్రం."

మర్నాడు కార్యదర్శిగారు 'ఎర్రదీప నివారణ సంఘం' వేశారు. సంఘంలో మేధావులకు కొదవలేదు. విద్యుత్ శాఖ నుంచి వచ్చినాయన పచ్చబల్బు పెడితే సరిపోతుందన్నాడు. రిటైరైన పాత అధికారి ఒకాయన "నాలుగింట మూడు కరెక్టంటే డెబ్బయి అయిదు మార్కులయ్యా! మావాడికి జన్మలో రాలేదు. దాన్ని ఫెయిలంటారేమిటి?" అని యంత్రం తరఫున కన్నీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. చివరికి యంత్రానికి అనుమానం జబ్బు ఉందనీ, దాని సహనం పెంచాలనీ తీర్మానించారు. అంటే ఎన్ని తప్పులొచ్చినా కిక్కురుమనకుండా పచ్చదీపం వెలిగించాలన్నమాట.

"సహనం పెంచితే విన్నవాడి దగ్గర కూడా అదే తాళం ఉంటుందండీ, మన మాట విప్పేసుకుంటాడు" అంది మా మేనకోడలు.

"ఉంటే ఏం? వాడు మనవాడే అయితే?" అన్నారు కార్యదర్శిగారు.

"మనవాడో పరాయివాడో వెలుతురుకి తెలియదండీ."

వెలుతురుకి ఆ మాత్రం విచక్షణ లేకపోవడం సంఘానికి వింతగా తోచింది. ఈలోగా మంత్రిగారికి కొత్త భయం పట్టుకుంది. వింటున్నది శత్రుదేశమైతే? తన మాటలన్నీ వాళ్ళు విని ఉంటే, దేశం పరువేం కావాలి? వెంటనే గూఢచారిని పట్టుకోమన్నారు. మా మేనకోడలు ఒక మీటరు తీసుకుంది. తీగలోకి వెలుతురు కొట్టి, అది ఎక్కడ తగిలి వెనక్కొస్తుందో చూసి, తేడా ఎంత దూరంలో ఉందో చెబుతుందట అది. ఆమె వెంట నేనూ బయల్దేరాను. "మంత్రిగారి వలలో గూఢచారి" అని శీర్షిక ముందే రాసి జేబులో పెట్టుకున్నాను.

సెల్లార్లో బయల్దేరిన తీగ రోడ్డు మీదికి పోవాలి. కానీ అది గోడలో దూరి మెట్లపక్కగా పైకెక్కింది. ఒకటో అంతస్తు దాటింది. రెండోది దాటింది. మూడో అంతస్తులో బోర్డు లేని గదిలోకి వెళ్ళి, కాసేపుండి, మళ్ళీ కిందికి దిగింది. మా మేనకోడలు తలుపు కొట్టింది.

లోపల చల్లగా ఉంది. వరసగా బల్లలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్న మనుషులు. మా భవనంలో అందరూ పనిచేస్తున్న గది నేను చూడటం అదే మొదలు. గది ఆఫీసరు చాలా మర్యాదస్తుడు, మాకు కుర్చీలు వేయించాడు.

"మీరు ఎవరి మాటలు వింటారండీ?" అని అడిగింది.

"అందరివీనమ్మా. మాకు పక్షపాతం లేదు."

"ఈ కొత్త తీగలో కూడా యంత్రం పెట్టారే!"

"పెట్టకేం చేస్తాం? కవచం వస్తే మాకు వినపడదన్నారు. అందుకని వినపడే యంత్రం కూడా కొన్నాం. సప్లయరు ఒక్కడే. రెండూ కలిపి తీసుకుంటే తగ్గించాడు."

"ఎవరి ఉత్తర్వు?"

"మంత్రిగారిదేనమ్మా. పోయినేడు రిబ్బను కత్తిరించింది వారేగా."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. "స్టోర్‌రూము ప్రారంభించిన మంత్రిగారు" అని నేనే రాశాను. లోపలికి మమ్మల్ని రానివ్వలేదు మరి. జేబులో శీర్షిక అక్కడే చించేశాను.

ఈ సంగతి చెబితే మంత్రిగారు మండిపడతారనుకున్నాను. ఆయన మనసు వెన్న. "మనవాళ్ళేనా! హమ్మయ్య, హడిలి చచ్చాను" అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. కంచే చేను మేసినా అది మన కంచే కదా అని సంతోషించగల నాయకులు ఎందరుంటారు? పరీక్ష కోసం మూడో అంతస్తు యంత్రాన్ని కాసేపు తీగలోంచి తప్పించమని ఆయనే ఆదేశించారు. తప్పించారు. అందరం సెల్లార్లో దీపం చుట్టూ నిలబడ్డాం.

ఎర్రగానే ఉంది.

"ఇప్పుడేమిటే తల్లీ?" అన్నారు మంత్రిగారు.

"ఇంకొకరు కూడా ఉన్నారండీ" అంటూ మీటరు చూసింది. "మన భవనంలో కాదు. రోడ్డు దాటాక. పెద్దాయన బంగళా గేటు కింద."

పెద్దాయనంటే ప్రభుత్వానికీ పార్టీకీ పెద్ద. మంత్రుల్ని చేసేదీ ఆయనే, మాజీల్ని చేసేదీ ఆయనే. మంత్రిగారి ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"పెద్దాయన... నా ఫోను... ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో యంత్రం చెప్పదండీ. ఉన్నారని మాత్రమే చెబుతుంది."

మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. ఇన్నాళ్ళూ ఫోన్లో ఏమేం అన్నారో జ్ఞాపకం చేసుకుంటున్నట్టుంది, పెదవులు కదులుతున్నాయి. కదిలిన కొద్దీ చెమట పడుతోంది. కాసేపటికి తేరుకుని, జేబులోంచి తన మామూలు ఫోను తీసి క్షురకుడికి కలిపారు.

"ఏమోయ్! పెద్దాయనే లేకపోతే ఈ రాజ్యం ఏమైపోయేదంటావు? ఆ? ఏం లేదు, క్షవరానికి కాదు. ఊరికే చెబుదామని చేశాను. ఆయన దేవుడోయ్!"

ఆ రోజు నుంచి మంత్రిగారు పొద్దున్నే ముగ్గురికో నలుగురికో ఫోను చేసి పెద్దాయన్ని పొగడనిదే కాఫీ ముట్టలేదు. రాంగు నంబరు వచ్చినా వదల్లేదు. వారం తిరక్కుండా పెద్దాయన దగ్గర్నుంచి కబురొచ్చింది. మంత్రిగారి విధేయతకు సంతోషించామనీ, కవచం త్వరగా ప్రారంభించమనీ. దాంతో మంత్రిగారికి ఇంకో చిక్కు వచ్చిపడింది. పెద్దాయన యంత్రం తియ్యమని అడగడం ఎవరివల్లా కాదు. అది ఉన్నంతకాలం దీపం పచ్చబడదు. పిల్లి మెళ్ళో గంట ఎవరు కడతారు?

బావమరిది కట్టాడు. అంటే పిల్లి జోలికి పోకుండా.

"వింటున్నది తీగలోనే కదా బావగారూ? తీగ తగ్గించేద్దాం."

టవరు దగ్గర యంత్రాన్ని ఊడదీసి తెచ్చారు. రెండు యంత్రాల్నీ పక్కపక్కన అద్దాల పెట్టెలో పెట్టి, మధ్యన జానెడు తీగ కలిపారు. ఠక్కున పచ్చదీపం వెలిగింది. తాళాలు పుట్టలు పుట్టలుగా తయారయ్యాయి. ఒక్క తప్పు లేదు.

"మరి ఊళ్ళో సెల్‌ఫోన్లకి ఈ తాళాలు ఎలా వెళ్తాయి?" అని అడిగింది మా మేనకోడలు.

"వాటినెందుకమ్మా కదిలించడం? వాటి దారిన అవి పోతాయి. వేగం తగ్గకూడదన్నారుగా!" అన్నాడు బావమరిది.

నిజమే. ఒక్క ఫోను కూడా వెంట్రుకవాసి నెమ్మదించలేదు. మంత్రిగారి హామీ అక్షరాలా నిలబడింది.

ఇక మిగిలింది సంతకం. కార్యదర్శిగారు ధ్రువపత్రాన్ని స్వయంగా మా మేనకోడలి ముందు పెట్టారు. నేను పక్కనే ఉన్నాను.

"'ఈ లైనును మధ్యలో ఎవరూ వినడం లేదు.' ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమ్మా."

"లైను జానెడే ఉందండీ."

"పొడుగు రాయమని ఎవరూ అడగలేదు."

"ఇది చూసి జనం తమ ఫోన్ల సంగతే అనుకుంటారు కదండీ."

"అనుకోవడం జనం స్వేచ్ఛ. అందులో ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

ఇంత ప్రజాస్వామికమైన జవాబు విన్నాక కూడా ఆమె కలం తియ్యలేదు. ఆ సాయంత్రం అక్కయ్య నన్ను ఇంటికి పిలిపించింది. పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

"ఒరే తమ్ముడూ, నువ్వైనా చెప్పరా. ఒక్క సంతకం! పెడితే జన్మంతా ఢోకా లేదు. పెట్టకపోతే వచ్చే నెల అద్దె ఎక్కణ్ణించి తేను? దాని నాన్న ఉంటే నేను దీన్ని ఇంత బతిమాలనా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాను. "వింటున్నారని జనమే బాధపడటం లేదు. మధ్యన నీకేం?"

"జనానికి తెలిస్తే కదా మామయ్యా బాధపడటానికి. అది నువ్వు ఎక్కడా రాయలేదుగా."

నా పనితనాన్ని ఇంట్లోవాళ్ళు గుర్తించడం అదే మొదటిసారి. ఆమె తల ఎత్తి ఇంకో మాట అంది.

"ఒకావిడ తన జబ్బు సంగతి చెల్లెలికి చెప్పుకుంటుంది. ఇంకెవరో ఆఫీసరు లంచం అడిగాడని స్నేహితుడికి చెప్పుకుంటాడు. ఎవరూ వినరని నా సంతకం చూసి ధైర్యంగా చెప్పుకుంటారు మామయ్యా. విన్నవాళ్ళు వాళ్ళ ఇంటికొస్తే? నాకు అన్నం సయిస్తుందా?"

అక్కయ్య కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకూ కాసేపు మనసు అదోలా అయింది. మంచినీళ్ళు తాగితే పోయింది.

మూడో రోజున విచారణ పెట్టారు. ప్రకటన రాయాలి గనక నేనూ హాజరయ్యాను. ముగ్గురు అధికారులు, ఒక గుమాస్తా, ఎదురుగా ఆమె.

"మధ్యలో ఎవరో వింటున్నారని మీకెలా తెలిసింది?"

"యంత్రం చెప్పిందండీ."

"యంత్రం చెప్పింది మీరు విన్నారా?"

"విన్నాను."

"రాసుకోవయ్యా. విన్నానని ఒప్పుకుంది."

ప్రభుత్వ లైను మీద చెవి వేసిన నేరానికి మా మేనకోడలి ఉద్యోగం పోయింది. "ఇంటి దొంగను పట్టుకున్న మంత్రిగారు" అని రాశాను. ఆమె నాకు మేనకోడలని ఆఫీసులో ఎవరికీ తెలియదు. చేరినప్పుడు సిఫారసంటారని చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి సమయం కాదు.

ఆ సీటు ఖాళీగా ఉంటే సంతకం ఎవరు చేస్తారు? కార్యదర్శిగారు చుట్టూ చూశారు. నేను కనపడ్డాను. నన్ను అప్పటికప్పుడు క్వాంటం సలహాదారుగా నియమించారు. ధ్రువపత్రం చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గనక మనస్సాక్షి అడ్డురాలేదు. సంతకం పెట్టాను.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. అద్దాల పెట్టె చుట్టూ పూలదండలు. మంత్రిగారు వేదిక మీంచి పెద్దాయనకి ఫోను చేసి "అయ్యా, ఈ మాట మనిద్దరం తప్ప లోకంలో ఎవరూ వినరు" అని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. పెట్టెను చూడటానికి బడిపిల్లలు వరసలు కట్టారు.

అక్కయ్య అద్దె కట్టలేక రెండు గదులున్న ఇల్లు వదిలి ఒక గదిలోకి మారింది. పిల్ల పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయింది. అవి నాకు తర్వాత తెలిశాయి, ఎలాగో చెబుతాను.

సలహాదారుకి గది ఇవ్వాలి కదా. మూడో అంతస్తులో ఇచ్చారు. చల్లగా ఉంది. ఆ మర్యాదస్తుడైన ఆఫీసరు నాకో హెడ్‌ఫోను ఇచ్చి, "కొత్తవాళ్ళకి తేలిక లైన్లే ఇస్తామండీ. ఉద్యోగం ఊడిన ఇంజనీరమ్మ ఒకతె ఉంది, ఏ పత్రికవాడి దగ్గర నోరు జారుతుందోనని పైవాళ్ళ దిగులు. ప్రతి మాటా రాయండి. ఒక్క మాట కూడా వదలకూడదు" అన్నాడు. అలాగేనన్నాను. తెలిసిన గొంతయితే పని సులువు కదా.

మొదటి రోజే తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. ఫోను చాలా స్పష్టంగా ఉంది.

"ఎలా ఉన్నావే?"

"బావున్నానమ్మా. నలుగురు పిల్లలకి లెక్కలు చెబుతున్నా. నీకు కొంచెం పంపిస్తాలే. కొత్త గదిలో నీళ్ళొస్తున్నాయా?"

"వస్తున్నాయిలే, ఏదో. ఆ, నీకు చెప్పలేదు కదూ! మీ మామయ్యకి పెద్ద ఉద్యోగమొచ్చిందే. సలహాదారుట. వేరే గది, చల్లటి మిషనూ అన్నీ ఇచ్చారుట. వాడైనా బాగుపడ్డాడు, నాకంతే చాలు."

"గది ఎక్కడిచ్చారమ్మా?"

"ఆ ఆఫీసులోనేనే. మూడో అంతస్తుట."

లైను పోయిందేమోనని హెడ్‌ఫోను గట్టిగా నొక్కుకున్నాను. పోలేదు. కాసేపటికి చిన్నప్పుడు నా భుజం మీదెక్కి మాట్లాడిన గొంతుతో అంది.

"మామయ్యా, భోంచేశావా?"

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అంది అక్కయ్య.

మా మేనకోడలు ఫోను పెట్టేసింది. ఒక్క మాట వదలకూడదన్నారు గనక అదీ రాశాను. ఆఫీసరు నా భుజం మీంచి వంగి చదివి, ఆ వాక్యం కింద వేలు పెట్టాడు.

"ఈ మామయ్య ఎవరండీ?"

"తెలియదండీ" అన్నాను.

"కనుక్కోండి. రేపట్నుంచి ఆయన ఫోను కూడా విందాం."

"అలాగేనండి" అని, అదీ రాసుకున్నాను.